విమానానికి జానెడు తలుపు

మనిషి గాలిలోకి లేవడానికి కావలసినవి రెండే. ఒకటి రెక్కలు. రెండోది, ఆ సంగతి మునిసిపాలిటీకి తెలియకపోవడం. నరసరావుపేటలో మొదటిది సమకూర్చుకున్నవాడు ఒక్కడే. రెండోది సమకూర్చుకున్నవాడు ఇంకా పుట్టలేదు.

ఆ ఒక్కడూ ప్రభాకరరావు మాస్టారు. యుద్ధకాలంలో విమానాలు నడిపి, తరవాత హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరైన మనిషి. స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక డాక్టరు దొర ఆయనకు రెండు పెద్ద చెక్కపెట్టెలు వదిలిపోయాడు. వాటి నిండా విడివిడిగా ఒక విమానం: కర్రలు, తీగలు, చిన్న ఇంజను, ఏది ఎక్కడ బిగించాలో చెప్పే పుస్తకం. ఊరి చివర తన చేలో, తాటాకు పందిరి కింద, మాస్టారు ఒక్కొక్కటే బిగించుకుంటూ పోతే ఆయన భార్య సుందరమ్మ రెక్కలకు గుడ్డ కుట్టింది. "పైకి పోయాక ఒక్క కుట్టు ఊడినా నన్నడగండి" అనేది. నిరుడు వానాకాలంలో ఆమె పోయింది. కుట్లు ఒక్కటీ ఊడలేదు. వాటిని ఒక్కసారి పైకి తీసుకుపోయి చూపించాలని మాస్టారి కోరిక. (ఎవరికి చూపించాలని అడిగితే ఆయన కళ్ళద్దాలు తుడుచుకునేవారు.)

తొందర కూడా ఉంది. సాగర్ కాలవ తవ్వుకుంటూ వస్తున్నారు. గుర్తురాళ్ళు సరిగ్గా ఆయన చేను మధ్యలో పాతారు. విమానం పరుగుతీయాల్సిన దారి కాలవలో కలిసేలోపే లేవాలి. ఎగరడానికి అనుమతి ఢిల్లీ నుంచి ఎప్పుడో వచ్చేసింది. ఆకాశానికి ఏ అభ్యంతరమూ లేదు.

మిగిలింది తోక చివర రేకు. విమానం తోకలో పైకీ కిందికీ ఆడే పలక ఒకటుంటుంది, ఎలివేటర్ అంటారు. ఆ పలక అంచున జానెడు రేకు ఉంటుంది, ట్రిమ్ ట్యాబ్. అది లేకపోతే విమానం ముక్కు వాలుతూనే ఉంటుంది. నడిపేవాడు తన ముందుండే నడిపే కర్రను గుంజిపట్టుకునే కూర్చోవాలి. అది ఉంటే, సీటు పక్కనున్న మీట కాస్త జరిపి చెయ్యి వదిలేసినా విమానం తన దారిన తాను పోతుంది. ముక్కూమొహం తెలియని మనిషెవరో, ఇంకెవరిదో మణికట్టు నొప్పిపుడుతుందని ఆలోచించి పెట్టిన రేకు అది. మొత్తం విమానంలో మాస్టారికి దానిమీదే ఎక్కువ గౌరవం.

దాని మడతబందులు సముద్రప్రయాణంలో తుప్పుపట్టిపోయాయి. కొత్తవాటికోసం ఖాదర్ వలి ఇనపసామాన్ల కొట్టుకు వెళ్ళారు.

"ఏ ఇంటికి మాస్టారూ?" అన్నాడు ఖాదర్ వలి, చిన్న ఇత్తడి బందులు తీస్తూ.

"ఇంటికి కాదు వలీ, విమానానికి."

"ఏదైతే ఏంది లెండి" అని ఖాదర్ వలి బందులతోపాటు ఒక చిన్న గడియ కూడా పొట్లంలో వేశాడు. "ఇది కొసరు."

"గడియ నాకెందుకయ్యా?"

"బందులు కొన్నోళ్ళకు గడియ కొసరు. మా నాయన కాణ్ణించీ వస్తన్న పద్ధతి. వద్దంటే కొట్టుకు మంచిది కాదు."

ప్రేమగా చాపిన చేతిని వెనక్కి పంపడం మాస్టారికి చేతకాదు. తీసుకున్నారు. అది పనికొచ్చింది కూడా. పందిట్లోకి దూరిన గాలి కొత్తగా బిగించిన రేకును టపటపా కొడుతుంటే, ఆ గడియతోనే దాన్ని కదలకుండా కట్టడి చేశారు.

ఆ వారంలోనే బిల్ కలెక్టర్ గోపాలకృష్ణయ్య పందిట్లోకి వచ్చాడు. (బందులు కొన్ననాడు కొట్టు బల్లమీద కూర్చుని టీ తాగుతూ అంతా విన్నాడు.) చెడ్డవాడు కాదు. ఎవరింటికి వెళ్ళినా పిల్లల చదువులు అడిగి, ముసలివాళ్ళ మోకాళ్ళ సంగతి కనుక్కుని, ఆ తరవాతే పన్ను వేసేవాడు. మాస్టారి దగ్గు ఎట్లా ఉందో కనుక్కుని, తోక దగ్గరికి వెళ్ళి, గడియ తీసి రేకును తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"బందులున్నయ్. గడియుంది. తెరుచుకుంటంది, మూసుకుంటంది. తలుపు కాక ఏంది మాస్టారూ ఇది?"

"జానెడు తలుపులో మనిషి పడతాడా గోపాలకృష్ణయ్యా?"

"పట్టే సంగతి దూరేవాడు చూసుకుంటాడు. తలుపు ఎంత ఉండాలో రూల్సులో లేదండి."

"ట్రంకుపెట్టెకూ బందులూ గడియా ఉంటాయిగా మరి?"

"ట్రంకుపెట్టెలో సీటుండదు గదండీ."

తలుపూ, కూర్చునే చోటూ, పైన తాటాకూ ఉన్నది ఇల్లు. పిడుగురాళ్ల సున్నంతో విమానం తోకమీద ఇంటి నంబరు వేశారు. (మిగతా బందులన్నీ సముద్రం దాటి వచ్చినవి కనుక మునిసిపాలిటీ వాటిని గుర్తించలేదు.)

ఇల్లన్నాక కాపురం ఉండాలి. లేనిది ఖాళీ ఇల్లు. కాలవ పనికి వచ్చిన ఉద్యోగులు ఇళ్ళు దొరక్క సత్రం అరుగులమీద పడుకుంటున్న రోజులవి. ఖాళీ ఇల్లు దాచుకోవడం నేరం. కేటాయింపు అధికారి ఆ ఇంటిని కాలవ ఆఫీసు గుమాస్తా రామబ్రహ్మానికి ఇచ్చారు. రామబ్రహ్మం, ఆయన తల్లి బసవమ్మ ఒక బొంత, కిరసనాయిలు స్టవ్వు, ఆవకాయ జాడీతో జట్కాలో దిగారు.

"ఏందిరా ఇది?" అంది బసవమ్మ.

"ఇల్లమ్మా. ఆర్డరుంది."

"ఇంటికి రెక్కలేందిరా?"

"వసారా అనుకోమ్మా."

ఒక వసారా కింద వంట, రెండో వసారా కింద పడక. రెక్కలమీద తడిబట్టలు ఆరేస్తారని మాస్టారు భయపడ్డారు. బసవమ్మ ఆ కుట్లమీద వేలితో రాసి చూసింది.

"ఎవరు కుట్టిందయ్యా?"

"మా ఆవిడ."

"చానా దగ్గిర కుట్టు. దీనిమీద తడిగుడ్డ వేసినదాని చెయ్యి విరగ్గొడతా" అంది. (బట్టలు ఆరేసేది అక్కడ ఆమె ఒక్కతే.)

గడియ ఊడదీస్తే తలుపు పోతుంది, తలుపు పోతే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే విమానం మిగులుతుంది అని మాస్టారు లెక్కకట్టారు. స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే గోపాలకృష్ణయ్య వచ్చాడు.

"కాపురమున్న ఇంటికి తలుపు పీకితే అద్దెకున్నోళ్ళను వేధించినట్టు మాస్టారూ. కేసవుద్ది. మీ వయసుకి ఎందుకు చెప్పండి?"

ఆయనే బతిమాలి మాస్టారి చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసి పెట్టెలో పెట్టి వెళ్ళాడు.

పలుగుల చప్పుడు పందిట్లోకి వినిపించసాగింది. ఒకనాడు బసవమ్మే కొడుకుని నిలదీసింది.

"ఒరేయ్, ఆయన్ని ఒక్కసారి ఎగరనియ్యరా. జాడీ ఒళ్ళో పెట్టుకుని నేనూ పోతా."

"ఇల్లు నేలను వదిలిందంటే నేను ఇల్లు వదిలినట్టేనమ్మా. అది దిగేలోపు ఇంకొకడికి ఇచ్చేస్తారు."

అయినా రామబ్రహ్మం మంచివాడు. మునిసిపాలిటీలో కనుక్కొచ్చాడు. ఇంటిని తాత్కాలికంగా జరుపుకోవడానికి అనుమతి ఉందట, వారం పడుతుందట. ఆ వారం తవ్వకం ఆపించాలి. ఆపమని అభ్యంతరం చెప్పాల్సింది ఆ ఇంట్లో ఉన్నవాడు, అంటే రామబ్రహ్మం. కాలవ ఆఫీసులో అభ్యంతరాలు చూసే గుమాస్తా కూడా రామబ్రహ్మమే. తన అభ్యంతరం తాను చూడకూడదు కనుక, నిజాయితీగా దాన్ని పక్క సీటుకు పంపాడు.

"పక్క సీటాయన సెలవులో ఉన్నాడండీ" అన్నాడు సాయంత్రం వచ్చి.

"ఎప్పుడొస్తాడు?" అన్నారు మాస్టారు.

"ఉండటానికి ఇల్లు దొరక్క ఊరెళ్ళాడండీ. దొరకగానే వస్తాడు."

"ఎప్పుడు దొరుకుతుంది?"

"ఏదన్నా ఒకటి ఖాళీ అవ్వాలి గదండీ."

ముగ్గురూ విమానం వంక చూశారు. స్టవ్వుమీద పాలు పొంగుతుంటే బసవమ్మ లేచివెళ్ళింది.

పలుగులు చేను దాటిపోయాయి. ఆ తరవాత గట్లు లేచాయి, ఆ తరవాత నీళ్ళొచ్చాయి. ఊరంతా వచ్చి పసుపూ కుంకుమా చల్లింది. నీ చేలోకి గంగ నడిచొచ్చిందని మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన కాదనలేదు. అవతలి మెట్టచేలు ఏళ్ళ తరబడి ఎండి ఉండటం ఆయన చూశారు.

ఆ సాయంత్రం బసవమ్మ పిలిచింది. "కాసేపొచ్చి కూర్చోవయ్యా, నీదేగా ఇల్లు."

మాస్టారు తోక దగ్గర గడియ తీసి, వెళ్ళి సీట్లో కూర్చున్నారు. మీట జరిపారు. కాలవ మీంచి వచ్చే గాలికి వెనక పలక మెల్లగా లేచి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. కర్రమీంచి చెయ్యి తీసేశారు. ఏదీ చలించలేదు. పని తప్పులేకుండా కుదిరింది. ఎవరూ చెయ్యి వెయ్యకుండా ఇంత నిలకడగా నడిచేది తనకు తెలిసినంతలో ఇంకొకటే ఉందని, దాని ఆఫీసు పదకొండింటికి తెరుస్తారని ఆయనకు తోచింది. పక్కన రెక్కమీద సుందరమ్మ కుట్లు నీరెండకు మెరిశాయి. తడి తగలలేదు. అదే పదివేలనుకున్నారు.

అప్పుడే గట్టుమీద గోపాలకృష్ణయ్య కనబడ్డాడు. దగ్గు తగ్గిందా అని అడిగాడు. తగ్గిందన్నారు మాస్టారు. ఈ ఏటినుంచి ఇంటిపన్ను పెరిగిందని, ఏమనుకోవద్దని అన్నాడు.

"ఎందుకు పెరిగింది గోపాలకృష్ణయ్యా?"

"కాలవగట్టు ఇల్లయింది గదండీ మాస్టారూ. గాలి బాగా ఆడుద్ది."