స్కేలు పిన్ని సర్దిన వీధి

మంగళవారం పదింటికి ప్లానింగ్ ఆఫీసరు వీధి చూడటానికి వస్తాడు. అందుకు వీధి సంఘం వేసుకున్న పథకం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఎవరూ ఏమీ చెయ్యకూడదు. బళ్లన్నీ రోజూ ఉన్నట్టే అడ్డదిడ్డంగా ఉండాలి. ఇంత సులువైన పథకాన్ని పాడుచెయ్యడం మామూలు మనుషుల వల్ల కాదు. అందుకు సంఘం కార్యదర్శి స్కేలు పిన్నే కావాల్సి వచ్చింది.

పిన్ని దర్జీ. ముప్పై ఏళ్లు కుట్టుమిషను ముందు కూర్చుని, ఏది వంకరగా కనిపించినా సరిచెయ్యకుండా ఉండలేని జబ్బు తెచ్చుకుంది. ఆవిడ కొట్టు కిటికీలోంచి మధ్యాహ్నం దాకా మంచి ఎండ పడుతుంది. గుడ్డకు ఏ దారం నప్పుతుందో ఆ వెలుతురులోనే తేలుతుంది. ట్యూబులైటు కింద ముదురు నీలమూ నలుపూ ఒకటే. ఎదుటి ఖాళీ స్థలంలో నాలుగంతస్తులు దాటకూడదన్న నిబంధన సడలించి పన్నెండుకు అనుమతి ఇమ్మని బిల్డరు అర్జీ పెట్టాడు. అవి లేస్తే ఎండ పోతుంది, ఎండతో పాటు కొట్టూ పోతుంది. ఆ భయంతో పిన్నికి వారంగా అన్నం సయించడం లేదు. మిగతావాళ్లది బళ్ల గోల. ఇప్పటికే స్కూలు వ్యాను తిరగడానికి చోటు లేక, వచ్చిన దారినే వెనక్కి నడుస్తోంది. కొత్త బళ్లకు ఈ వీధిలో చోటు లేదని ఆఫీసరు రాస్తే చాలు, అర్జీ బుట్టదాఖలు.

"ఇవాళ ఒక్కపూట చేతులు కట్టుకు కూర్చో. దేన్నీ కదపొద్దు," అన్నాడు పిన్ని భర్త. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు.

ఎనిమిదిన్నరకు పిన్ని కొట్టు తెరిచింది. గుమ్మం ముందు ఒక స్కూటరు ఓ పక్కకి ఒరిగి ఉంది. చూపు తిప్పుకుంది. మళ్లీ చూసింది. మనిషి వస్తున్నప్పుడు గుమ్మం ఇలా ఉంటే ఏం బాగుంటుందని గొణుక్కుంటూ దాన్ని నిటారుగా నిలబెట్టింది. దాంతో పక్కనున్న మోటారు సైకిలు మరీ వంకరగా కనిపించింది. దాన్ని గోడవారకు నెట్టింది.

మేడ మీది టీచరమ్మ ఇది చూసి పథకం మారిందనుకుంది. కార్యదర్శే బళ్లు తీస్తోంది, మనమూ తీద్దామని గ్రూపులో మెసేజి పెట్టింది. రెండో మెసేజికల్లా అది సంఘం నిర్ణయమైంది, మూడోదానికి ఆఫీసరు ఆజ్ఞ అయింది. అరగంటలో అరవై మూడు బళ్లూ కదిలాయి. రోడ్డు మీద బళ్లు కనబడేసరికి డ్రైవరుగారు కూడా తన మాట తానే మరిచిపోయాడు. సందు మొదట్లో నిలబడి, పక్కవీధి విశాలంగా ఉంది, అటు పోనివ్వండని చేతులూపాడు. ముందు బండి ఎక్కడ ఆగితే వెనక బండి దాన్ని ఆనుకుని ఆగింది. అక్కడున్నది ఎవరి గేటో ఎవరూ చూడలేదు.

ఆపాల్సిన పిన్ని ఆపలేదు. వీధి అంత తిన్నగా ఉండటం ఆవిడ జన్మలో చూడలేదు. ఆ సంబరంలో చీపురు తెచ్చి ఊడ్చేసింది కూడా.

పదింటికి ఆఫీసరు ఇంటి నుంచి నేరుగా ఆటోలో దిగాడు. బిల్డరు తన పొడుగాటి కారుని వీధి నడిమధ్యలో దర్జాగా ఆపాడు. ఆఫీసరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"చక్కటి వీధమ్మా. పన్నెండేం ఖర్మ, పదిహేనంతస్తులకైనా ఇబ్బంది ఉండదు," అన్నాడు.

పిన్ని చీపురు పారేసి అడ్డం పడింది. రోజూ ఇలా ఉండదని, ఆయన వస్తున్నాడనే సర్దామని చెప్పింది.

"సర్దితే సర్దుకునేంత చోటుందన్నమాటేగా," అన్నాడు బిల్డరు.

ఆఫీసరు తలూపి పెన్ను తీశాడు. పిన్నికి కళ్లనీళ్లు తిరిగాయి. తన కిటికీని తానే మూసుకున్నట్టయింది.

అప్పుడు ఆఫీసరు ఫోను మోగింది. అవతల పెద్దాఫీసరమ్మ గొంతు నలుగురికీ వినబడింది. పక్కవీధిలో ప్లానింగ్ ఆఫీసు గేటు తెరుచుకోవడం లేదట. ఎవరివో బళ్లు అడ్డంగా బారులు తీరాయట. మీటింగుకు వెళ్లాల్సిన ఆవిడ కారు లోపలే ఉండిపోయిందట. ఈ బళ్లెవరివని ఆఫీసరు అడిగితే వీధంతా నేలచూపులు చూసింది. ఏ శిక్ష పడుతుందోనని పిన్నికీ భయం వేసింది. అయినా ముందుకొచ్చింది.

"మావే సార్. అరవై మూడు. రోజూ ఈ వీధిలోనే ఉంటాయి. వాటి సందుల్లో మేం ఉంటాం."

పెద్దాఫీసరమ్మ నడిచే వచ్చింది, చెమటలు కక్కుకుంటూ. వీధిలో ఇళ్లెన్ని అని అడిగింది. పంతొమ్మిదన్నారు. కట్టబోయే ఫ్లాట్లెన్ని అంటే నలభై ఎనిమిదేనని బిల్డరు వినయంగా చెప్పాడు.

"పంతొమ్మిది ఇళ్ల బళ్లకే నా ఆఫీసు మూతపడింది. ఆ నలభై ఎనిమిది ఇళ్లవీ ఎక్కడ పెట్టిస్తారు, నా టేబులు మీదా?"

సెల్లారు ఉందన్నాడు బిల్డరు. సెల్లారులోంచి పైకొచ్చాక ఎటు పోతాయని ఆవిడ అడిగితే, వీధి వైపు చూపించాడు. గేటు ఖాళీ చెయ్యమన్నారని అరవై మూడు బళ్లూ అప్పుడే హారన్లు కొట్టుకుంటూ తిరిగొస్తున్నాయి. వాటి మధ్య ఇరుక్కున్న పొడుగాటి కారు సాయంత్రం దాకా కదల్లేదు. బిల్డరు నడిచే వెళ్లాడు.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. నాలుగంతస్తులే. వీధి వీధంతా ఈలలు వేసింది, పిన్నికి పూలదండ పడింది. ఆవిడ మాత్రం కిటికీ దగ్గరికెళ్లి నీలం దారమూ నల్ల దారమూ ఎండలో పక్కపక్కన పట్టుకుని, తేడా కనబడుతుంటే కడుపునిండా నవ్వుకుంది.

ఉత్తరానికి పటం కట్టించి కొట్టులోనే తగిలించారు. అది ఓ పక్కకి ఒరిగి ఉంది, దాన్ని పిన్ని ముట్టుకోరాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.