సున్నిత జాతి: ఒకటి

"ఇకమీదట వాగు ఆరోగ్యం గురించి అధికారులు మాట్లాడరు, చేపలే మాట్లాడతాయి" అని మంత్రిగారు ప్రకటించగానే సభ చప్పట్లతో మోగిపోయింది. మొదటి సగానికే చప్పట్లు ఎక్కువ పడ్డాయని గిట్టనివాళ్లు అన్నారు.

పథకం చాలా సూటిగా ఉంది. వాగులో వల వేస్తారు. ఏ జాతి చేపలు ఎన్ని పడ్డాయో చూసి అరవైకి మార్కులు వేస్తారు. నలభై వస్తే వాగు పాసు. పాసైన వాగు పక్కన ఉండేవాళ్లకు మంచినీళ్ల ట్యాంకరు ఇక అక్కర్లేదు.

వాగొడ్డు వీధిలో కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని బట్టలు కుట్టే కోడలిని అందరూ మిషనమ్మ అంటారు. ఇంత గొప్ప పథకంలో ఆమెకు ఆ చివరి మాట ఒక్కటే వినిపించింది. ఆమె పదహారు నెలల కూతురికి వాగు నీళ్లు పోసినప్పుడల్లా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. ట్యాంకరు నీళ్లు పోసిన రోజు మాత్రం హాయిగా పడుకుంటుంది.

"ఈ నీళ్లతోనే కదే మీ ఆయన్ని పెంచాను" అంది అత్తగారు.

"ఆయనది చర్మం కాదత్తయ్యా, తోలు" అంది మిషనమ్మ. డాక్టరు రాసిచ్చిన చీటీ మడతపెట్టి కొంగున ముడేసుకుంది.

వల వేసిన రోజు వాగుల అధికారి ఒడ్డున గొడుగు కింద కూర్చున్నారు. ముక్కుకు రుమాలు కట్టుకున్నారు. జలుబట. ఇరవై మూడు చేపలు పడ్డాయి. అన్నీ ఒకే రకం మీసాల చేపలు, నీళ్లలోంచి మూతి బయటపెట్టి గాలి పీల్చుకునేవి. కాలేజీలో చేపల పాఠం చెప్పే మాస్టారు ఫారంలో "ఓర్పు గల జాతి" అన్న గడిలో ఇరవై మూడు వేశారు.

అధికారి ముఖం వికసించింది. "ఓర్పా? ఫుల్ మార్కులు వెయ్యండి. ప్రజలకు ఉండాల్సిన గుణం."

"ఓర్పుకి మార్కులు కొయ్యాలి సార్. ఎంత మురికినైనా తట్టుకునేవే మిగిలాయని దానర్థం. సున్నిత జాతి ఒక్కటైనా ఉంటే అప్పుడు మార్కులు."

ఓర్పు తప్పని ఇన్నేళ్ల సర్వీసులో అధికారికి ఎవరూ చెప్పలేదు.

"ఇప్పటికి ఎన్నొచ్చాయి?"

"పన్నెండు. వాగులో ఏమీ లేకపోయినా అన్ని ఇస్తారు."

"మంత్రిగారు నాలుగింటికి వస్తున్నారు మాస్టారూ. పాసైందని చెప్పడానికి."

సరిగ్గా అప్పుడే మిషనమ్మ పాపను చంకనేసుకుని వచ్చింది. "సార్, ట్యాంకరు మాత్రం ఆపకండి. మా పాపది సున్నితమైన చర్మమని డాక్టరుగారు రాసిచ్చారు."

అధికారి చీటీ అందుకున్నారు. ఒకసారి చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"సున్నితం. సంతకంతో సహా" అన్నారు మెల్లగా. "ఎక్కడుంటుందమ్మా పాప?"

"ఇదిగో, వాగు పక్కనే సార్."

"ఎప్పటినుంచి?"

"ఇక్కడే పుట్టింది సార్."

"స్థానిక జాతి. రాయండి మాస్టారూ. ఏం తింటుందమ్మా?"

ఇంత ఓపిగ్గా అడిగిన అధికారిని మిషనమ్మ ఎన్నడూ చూడలేదు. "అన్నం సార్. కాస్త చూపు మరల్చితే చీమల్ని కూడా నోట్లో వేసుకుంటుంది."

"పురుగులు తినే జాతికి వేరే మార్కులుండాలే?"

"ఉన్నాయి" అన్నారు మాస్టారు నీరసంగా. "కానీ సార్, అది పాప."

"ఫారంలో 'జాతి' అనే ఉంది. చేపే కావాలని ఎక్కడుందో చూపించండి."

మాస్టారు ఫారం తిరగేసి చూశారు. ఎక్కడా లేదు.

"ఒంటిమీద పుండ్లుంటే మార్కులు కొయ్యాలి" అన్నారు ఆఖరి ప్రయత్నంగా. మిషనమ్మ గబగబా పాప గౌను పైకెత్తి వీపు చూపించింది.

"దద్దుర్లు వేరు, పుండ్లు వేరు" అన్నారు అధికారి. చీటీని ఫైల్లో పెట్టేశారు.

మిగతా గడులు కూడా పాపతోనే నిండాయి. మొత్తం నలభై ఒకటి. మంత్రిగారు పాపను ఎత్తుకుని ఫొటో దిగారు. పాప ఆయన చొక్కా తడిపింది. ఆ సభలో ప్రతిపక్షం అదొక్కటే. వాగొడ్డున బోర్డు లేచింది: "ఆరోగ్యకరమైన వాగు. సున్నిత జాతి: ఒకటి."

మర్నాటినుంచి ట్యాంకరు రాలేదు. మూడో రోజుకు పాప మెడ దాకా ఎర్రబడింది. నాలుగో రోజు మిషనమ్మ బట్టలు సర్దుకుని వీధి మలుపు దాకా వచ్చేసరికి అధికారి జీపు దిగి పరుగెత్తుకొచ్చారు.

"ఎక్కడికి తల్లీ?"

"పుట్టింటికి సార్. దీనికి తగ్గేదాకా."

"ఇది కదిలితే వాగు ఫెయిలవుతుంది."

"ఫెయిలైతే ట్యాంకరు వస్తుందా సార్?"

అధికారి బోర్డు వైపు, సంచి వైపు, పాప వైపు చూశారు. "సున్నిత జాతిని కాపాడే నిధి ఒకటుంది" అన్నారు చివరికి. "రోజూ రెండు బిందెలు. పాపకు మాత్రమే."

మిషనమ్మ సంచి దించలేదు. చంక మాత్రం మార్చుకుంది. "నేను లేకపోతే ఇది అన్నం ముట్టదు సార్."

"సరే, నువ్వు కూడా. జాతి బతకడానికి కావలసినదాన్ని ఆవాసం అంటారు."

"నాయనమ్మ జో కొట్టందే పడుకోదు."

"ఆవాసమే."

"ఆటలన్నీ ఎదురింట్లో. పక్కింటి పిన్ని కనిపించకపోతే ఏడుపు. ఇక ఆ చివరింటి తాతయ్య..."

అధికారి చెమట తుడుచుకున్నారు. "వీధంతా ఆవాసమని రాస్తాను. ముందు ఇంట్లోకి పద తల్లీ."

మరుసటి రోజు ట్యాంకరు వచ్చింది. అదే డ్రైవరు, అదే సొట్ట. పక్కన మాత్రం కొత్త అక్షరాలు: "ఆవాస సంరక్షణ వాహనం."

"నేనూ ఆవాసాన్నేనటే?" అని అత్తగారు తన బిందెను అందరికంటే ముందు పెట్టింది.

ఆరు నెలలకు మళ్లీ వల వేశారు. మిషనమ్మ ట్యాంకరు దగ్గర బిందె నింపుకుంటూ చెవి అటే పెట్టింది. ఈసారి వాగు ఫెయిలైతే, పేరు మార్చుకున్న ఈ ట్యాంకరు ఏమవుతుందో ఏ ఫారంలోనూ లేదు. మాస్టారు వల పైకి లాగారు. దులిపారు. ఇంకోసారి వేసి లాగారు.

"మీసాల చేపలు కూడా లేవు సార్" అన్నారు. "ఒక్కటి కూడా బతకలేదు."

మిషనమ్మ పాపను ఒడ్డు నుంచి ఇవతలికి లాక్కుంది. అధికారి రుమాలు సరిచేసుకుని ఫారం విప్పారు. గడులన్నింటి మీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు.

"ఓర్పు గల జాతి, సున్నా" అన్నారు. "ఐదు మార్కులు కలపండి."