కాఫీ పడితేగానీ కదలని బండి

ఆ ఉదయం సబ్బుల మావయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎయిర్‌పోర్టులో, ఇక్కడి కొండల్లో పండిన గింజలతో చేసే మంచి కాఫీ ఒకటి తాగడం, విమానం ఎక్కడం, మరకలు పోగొట్టే తన సబ్బును అవతలి ఊళ్ళో పెద్ద కొట్టువాళ్ళకు చూపించడం. ఆర్డరు రాకపోతే పెరట్లోని సబ్బుల షెడ్డుకు తాళం వేసేస్తానని భార్య ముందే చెప్పేసింది. చెప్పి, తెల్లచొక్కా తొడిగించి, తనూ వెంట బయల్దేరింది.

కాఫీ కొట్టు దగ్గర క్యూ హనుమంతుడి తోకలా ఉంది. తీరా మావయ్య వంతు వచ్చేసరికి గేటు దగ్గరి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"సార్, గేటు మూసేస్తున్నాం, రండి!"

"కాఫీ పడాలమ్మా. పడితేగానీ మన బండి కదలదు," అన్నాడు మావయ్య పొట్ట నిమురుకుంటూ.

ఆ గోలలో ఆమెకు సగమే వినిపించింది. ఖర్మకాలి పక్కనే సామాన్ల బ్యాటరీ బండి ఒకటి ఆగి ఉంది. ఇంకేం, వాకీటాకీ ఎత్తింది. "కొట్టు దగ్గర కాఫీ పడింది. బండి కదలట్లేదు!"

మెకానిక్కు వచ్చి నిక్షేపంలాంటి బండిని విప్పి కూర్చున్నాడు. శుభ్రం పనుల సూపర్‌వైజరమ్మ వచ్చి, మరకెక్కడా కనబడక, ఎందుకైనా మంచిదని నేలంతా తడిపించి కొట్టు చుట్టూ తాడు కట్టించింది. ఈలోగా తయారైన మావయ్య కాఫీ తాడుకు అవతల, కొట్టు బల్ల మీద పొగలు కక్కుతోంది.

"పడిన కాఫీ ఏదండీ?" నిలదీసింది సూపర్‌వైజరమ్మ.

"ఇంకా పడలేదమ్మా!"

"ఎప్పుడు పడుతుంది?"

"తాడు తీశారంటే ఇప్పుడే పడుతుంది!"

"అయితే చచ్చినా తియ్యను."

"ఏమండీ, ఒక్క పూట కాఫీ మానేస్తే కొంపలేం మునగవు. విమానం వెళ్ళిపోతోంది!" భార్య చెయ్యి పట్టి లాగింది.

"కాఫీ పడకపోతే నాకు నోరు పెగలదే! అక్కడ సబ్బు గురించి చెప్పేదెవరు, నువ్వా?"

చెయ్యి విదిలించుకుని, తాడు మీదుగా వంగి కప్పు అందుకున్నాడు. తడినేల మీద కాలు జర్రున జారింది. కాఫీ పడనే పడింది, ఒంట్లో కాదు, ఒంటిమీద. అద్దాల అవతల విమానం కూడా కదిలిపోయింది.

"ఆఁ, ఇప్పుడు పడింది," అని వాకీటాకీలో తృప్తిగా చెప్పింది సూపర్‌వైజరమ్మ.

భార్యకు ఏడుపొక్కటే తక్కువ. ఆ ఉక్రోషంలో మొగుడి చొక్కా విప్పించి, అక్కడి బకెట్లోనే ముంచి, సంచిలోని సబ్బుతో బరబరా రుద్దింది. మరక మాయం!

సూపర్‌వైజరమ్మ ఆ చొక్కాను వెలుగుకు పట్టి తిప్పితిప్పి చూసింది. "ఇక్కడ సబ్బులు కొనేది నేనే. మాకు రోజూ ఇలాంటి కాఫీలు వంద పడతాయి. నెలకు నాలుగు పెట్టెలు పంపగలరా బాబాయ్?"

షెడ్డుకు తాళం తప్పింది! ఊఁ అంటే చాలు. బనియనుతో నిలబడి మావయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు.

ఆయనకింకా కాఫీ పడలేదు.