తలుపు తట్టే రోజున గుండు

ఆ శనివారం ఒపోకు అనే కుర్రాడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మంగలి అట్టా షాపులో ఫేడ్ కటింగ్ చేయించుకోవాలి, మధ్యాహ్నం అమ్మను వెంటబెట్టుకుని, మనసిచ్చిన పిల్ల సెర్వా ఇంటి తలుపు తట్టాలి. కుమాసీ ఊళ్ళో పిల్లనడగడమంటే అదే. సెర్వా మేనమామ ఆంట్వి సరేనని, వాళ్ళు తెచ్చిన జిన్ను సీసా అందుకుంటే పెళ్ళి, కాదంటే ఇంతే సంగతులు. ఆయనకు ఒపోకు మీద పెద్దగా కోపం లేదు, వాళ్ళమ్మ ఫోసువా అంటేనే ఒళ్ళుమంట. తన కొట్లో టమాటాలన్నీ నొక్కి చూసి కొనకుండా పోతున్నాడని ఆవిడ ఒకసారి ఆయన్ను నడిమార్కెట్లో కడిగి పారేసింది. కనీసం తలైనా నీటుగా పెట్టుకుని రమ్మని సెర్వా మరీ మరీ చెప్పింది.

అట్టా చేయి మంచిదే. కుడివైపు కింద నున్నగా, పైకి పోనుపోను ఒత్తుగా జుట్టు తీరుతుంటే ఒపోకు అద్దంలో పెళ్ళికొడుకును చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మిషను ఆగింది. ఎడమవైపు అడవి అలాగే ఉంది. జనరేటరులో చుక్క పెట్రోలు లేదు.

"భయపడకన్నా, బ్లేడుందిగా," అన్నాడు అట్టా.

బ్లేడు ఎడమవైపు కాస్త ఎక్కువ లేపింది. దానికి సరిపోవాలని కుడివైపు లేపాడు. మళ్ళీ ఎడమ. చివరికి నడినెత్తిన గుప్పెడు జుట్టు మిగిలింది.

"ఇదీ తీసేస్తే ఒక పద్ధతిగా ఉంటుంది," అన్నాడు అట్టా. ఒపోకు కళ్ళు మూసుకుని తల వంచాడు.

గుండు మీద స్పిరిటు రాయగానే భగ్గున మండింది. కళ్ళనీళ్ళు కారుస్తూ బయటికొచ్చిన ఒపోకును ఎదుటి కొట్టులో కెంకీ అనే మొక్కజొన్న ముద్దల పొట్లాలు అమ్మే ఆవిడ చూసింది. నిన్నటిదాకా అంత జుట్టున్నవాడు గుండుతో ఏడుస్తూ వస్తున్నాడంటే, ఆ ఊళ్ళో తల్లో తండ్రో పోయినట్టే. తండ్రి పోయి చాలాకాలమైంది. పోయిందెవరో ఆవిడకు ఇట్టే తెలిసిపోయింది. ఒక్క మాటా అడక్కుండా ఓ పొట్లం అతని చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకుంది. తన గుండు చూసి జాలిపడిందనుకుని ఒపోకు మరింత ఏడ్చాడు.

తల దాచుకుంటూ సందులన్నీ తిరిగి అతను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. వాకిట్లో షామియానా లేస్తోంది. నల్లబట్టలు కట్టిన ఆడవాళ్ళు వరసగా వచ్చి చేయి పట్టుకున్నారు. అమ్మ బతికే ఉందని, జడలు అల్లించుకోవడానికి పొద్దున్నే వెళ్ళిందని అతను మొత్తుకున్నాడు. పాపం, దెబ్బకు మతి చెదిరిందని వాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఫోను చేసి వినిపిద్దామంటే, చార్జింగు లేక అమ్మ ఫోను మూగబోయింది.

అంతలో ఆంట్వి నల్లగుడ్డ భుజాన వేసుకుని రానే వచ్చాడు. ఒపోకుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"మామయ్యా, ఎవరూ పోలేదు. కటింగ్ చెడింది, అంతే."

"ఏడ్చెయ్యి నాయనా, లోపల పెట్టుకోకు. ఏడాది తిరిగేదాకా మాత్రం పెళ్ళి మాట ఎత్తకూడదు," అన్నాడాయన వీపు నిమురుతూ.

ఏడాదట! ఈలోపు ఈయన సెర్వాను ఇంకెవడికైనా కట్టబెట్టడని నమ్మకమేమిటి? ఒపోకు నిజంగానే కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు చూశాక, ఎవరికైనా ఏ మూలైనా అనుమానం మిగిలి ఉంటే అదీ తీరిపోయింది.

ఆంట్వి గ్లాసు అందుకుని, గతించిన పెద్దలందరినీ పేరుపేరునా పిలుస్తూ జిన్ను నేలమీద ధారపోశాడు.

"ఫోసువాలాంటి ఆడది ఈ ఊళ్ళో మళ్ళీ పుట్టదు. ఏదున్నా మొహమ్మీదే అనేది, వెనకాల గోతులు తవ్వేది కాదు. ఆవిడ ఒక్కసారి నా తలుపు తట్టి ఉంటే, మారుమాట లేకుండా పిల్లనిచ్చేవాణ్ణి."

"ఇచ్చేవాడివా?"

షామియానా గుంజ పక్కన కొత్త జడలతో ఫోసువా నిలబడి ఉంది. చంకలో తలుపు తట్టడానికని కొన్న జిన్ను సీసా. తన చావు కబురు దారిపొడుగునా పదిమంది నోట విని వచ్చింది కాబట్టి ఈ షామియానా ఏమిటని ఎవరినీ అడగలేదు.

"అయితే ఇదిగో, తట్టాను," అంటూ గుంజ మీద మెటికలతో కొట్టింది.

ఆంట్వి తడిసిన నేలవైపు చూశాడు. పెద్దలను పిలిచి ధారపోసిన మాట వెనక్కి రాదు. ఆవిడ మొహం చూశాడు, మళ్ళీ నేల చూశాడు, చేసేది లేక సీసా అందుకున్నాడు.

అప్పుడే వీధి చివర నుంచి అట్టా పరుగున వచ్చి, కరెంటు వచ్చిందని చెప్పాడు.