ప్రథమ బహుమతి బంకులో అరగంట

అగ్నిప్రమాదాల నివారణలో మన పెట్రోలు బంకుకు ప్రథమ బహుమతి వచ్చిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. ఊరికే రాలేదు లెండి. మంటలార్పే సిలిండరు మీద దుమ్ము పడకూడదని మేనేజరుగారు దాన్ని తన గదిలో పెట్టి తాళం వేసుకున్నారు. బకెట్లకు ఏటా ఎర్రరంగు వేయిస్తారు. వాటిలో ఇసుక ఉందా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ట్యాంకరు లోడు దింపేముందు నిప్పురవ్వ పుట్టకుండా దానికి ఎర్తు వైరు తగిలించాలి. తగిలించినట్టు ఫొటో తీసి పై ఆఫీసుకు పంపాలి. మూడేళ్ల కిందట ఎండ చక్కగా పడిన రోజున ఒక ఫొటో తీశారు. ఇప్పటికీ అదే వెళుతోంది. అందులోని డ్రైవరు రిటైరై మనవణ్ణి ఆడించుకుంటున్నాడు. పై ఆఫీసువారు మాత్రం ఆయన క్రమశిక్షణను నెలనెలా మెచ్చుకుంటూనే ఉన్నారు.

ఇన్ని ఏర్పాట్లుండగా, పంపు దగ్గర ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన బుద్ధి గడ్డితిన్నది. మొన్న పొద్దున ట్యాంకరు రాగానే నిజంగానే వైరు తగిలించాడు. లోడు దిగేదాకా పంపులు ఆపి, దారికి అడ్డంగా తాడు కట్టాడు. అరగంట!

హారన్లతో వీధి దద్దరిల్లింది. "నీ ఒక్కడికేనా ప్రాణం తీపి? మాకు ఆఫీసుల్లేవా?" అని ఒకాయన ఇంజను ఆపకుండానే అరిచాడు. పెద్దాయన సొంత బావమరిది బండి దిగొచ్చి, "బావా, పరాయివాళ్లను ఆపుకో. నన్నొక్కణ్ణి వదిలెయ్, చిటికెలో పోతా" అని గడ్డం పట్టుకున్నాడు.

"ఒక్క రవ్వ చాలురా. పెట్రోలుకు చుట్టరికాలు తెలీవు" అన్నాడు పెద్దాయన.

మధ్యాహ్నానికల్లా జనం సంతకాలతో ఫిర్యాదు అందింది. మేనేజరుగారు పెద్దాయనను పిలిపించారు.

"భద్రత మాకు ప్రాణంతో సమానం. కానీ దాన్ని గోడమీద చూపించాలయ్యా, జనానికి అడ్డంగా కాదు. అరగంట బంకు మూస్తే ఇక్కడ ప్రమాదం ఉందని వాళ్లకు తెలిసిపోదూ?"

"ఈ వయసులో నన్నింకెవరు పనిలో పెట్టుకుంటారు సార్?"

దానికి మేనేజరుగారు విచారం వ్యక్తం చేశారు. పెద్దాయన యూనిఫాం చొక్కా విప్పి, మడతపెట్టి, బల్ల మీద ఉంచి వెళ్లిపోయాడు. గుమ్మంలోంచి చూస్తున్న నాకు జాలేసింది, దాచుకోవడమెందుకు.

ఇప్పుడు ట్యాంకరు పక్కనే నిలబడి హాయిగా పెట్రోలు పోయించుకుంటున్నాం. ఎవరికీ క్షణం ఆలస్యం లేదు.

మేనేజరును తిట్టుకుంటున్నారేమో, పాపం, ఆ ఫిర్యాదులో ఆయన సంతకం లేదు. అన్నిటికంటే పైన ఉన్నది బావమరిదిది. పదకొండోది నాది. దాని కింద హడావిడిగా గీకింది మీదే. పెన్ను నేనే ఇచ్చాను.