ఏడో భాగంలో ఎడబాటు

పెదవి ఎండకుండా చూసుకోవాలి, స్టూడియోకి వెళ్ళాలి, వాయించి రావాలి. ఆ ఉదయం హార్నాయన వేసుకున్న పథకం ఇంతే. సినిమా ఆర్కెస్ట్రాలో, చుట్టలు తిరిగిన ఇత్తడి హార్న్ ఊదడం ఆయన ఉద్యోగం. హార్న్ కొడతాడని విని, కారు డ్రైవరనుకునే మామగారు పిల్లనిచ్చారు. అసలు సంగతి తెలిసేసరికి పెళ్ళి భోజనాలు కూడా అయిపోయాయి.

అంతరిక్ష సినిమాల వరసలో ఇది ఏడో భాగం. రాకుమారి, పైలట్ కనిపించినప్పుడల్లా ఒకటే ప్రేమ బాణీ. వాళ్ళు కలిసినప్పుడు వయొలిన్లు వాయిస్తే వాద్యగాళ్ళు దాన్ని ‘కలయిక’ అంటారు. విడిపోయినప్పుడు వాయించేది ‘ఎడబాటు’. ఇన్నాళ్ళూ కలయికలో వయొలిన్ల వెనక ఊఁ అనడమే హార్నాయన పని. ఈసారి ఎడబాటు మొత్తం ఆయన ఒక్కడిదే. జన్మలో మొదటి సోలో. సంతోషం పట్టలేక, పక్క కుర్చీ ట్రంపెట్ మిత్రుడికి ఫోన్ చేశాడు.

"కలయికతో విసిగిపోయానోయ్. ఇన్నేళ్ళూ వెనకాల కూర్చుని ఊఁ కొట్టడమేగా! ఇవాళ స్టూడియోలో ఎడబాటు. ఆవిడ అలా వెళ్ళిపోగానే నేను మొదలెడతా. ఇంట్లో ఇంకా చెప్పలేదులే, అయ్యాక చెబుతా."

పక్క గదిలో ఇస్త్రీ చేస్తున్న భార్య చేతిలో ఆయన చొక్కా కాలింది. ఆయన ఇంకో చొక్కా తొడుక్కుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ అన్నగారికి ఫోన్ చేసి ‘ఎడబాటు’ అంది. అన్నగారు తండ్రికి ‘విడాకులు’ అన్నాడు. మామగారు దారంతా ఆలోచించి రెండో పెళ్ళి దగ్గర తేలారు.

"స్టూడియోలోనట! ఫొటోలు కూడా దిగుతాడన్నమాట!" అన్నారు ఆటోలో, కొడుకుకీ కూతురికీ మధ్య ఇరుక్కుని.

రికార్డింగ్ హాలు తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. బావమరిది జీవితంలో ఎర్రదీపానికి ఆగింది లేదు. తలుపు తోసుకుని "ఆపండి!" అని అరిచాడు. హార్న్ మధ్యలో కీచుమంది.

"ఎవరావిడ?" అన్నారు మామగారు.

"ఎవరండీ?"

"వెళ్ళిపోతుందన్నావటగా!"

"రాకుమారండీ. అంతరిక్ష నౌకలో వెళ్ళిపోతుంది. అప్పుడు నా ఎడబాటు."

"అబద్ధానికైనా అందం ఉండాలి బావా," అన్నాడు బావమరిది.

సంగీత దర్శకుడు కర్ర దించి, ఎడబాటంటే బాణీ అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ముగ్గురూ తలలు దించుకున్నారు. "వాళ్ళని ఆ మూల కూర్చోబెట్టండి. ఇంకోసారి తప్పితే మాత్రం ఈ సోలో ట్రంపెట్‌కి ఇచ్చేస్తా," అన్నాడాయన. మిత్రుడు నొచ్చుకుంటూనే ట్రంపెట్ తుడుచుకున్నాడు. ఆ మూలన మైకు వేలాడుతోందన్న సంగతి హడావిడిలో ఎవరికీ తట్టలేదు.

హార్నాయన ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాడు. ఇంట్లో తలుపు వేసుకుని ఊఁ ఊఁ అనడమే తప్ప ఈయనలో ఇంత ఉందని భార్యకి తెలియదు. ముందు సిగ్గేసింది, తర్వాత గర్వమేసింది. పొద్దుటినుంచీ దిగమింగుకున్న దుఃఖం, నౌక కనుమరుగయ్యే చోట ఒక్కసారిగా వెక్కిళ్ళతో బయటికొచ్చింది. హార్నాయన గుండె జారింది గానీ పెదవి జారలేదు. చివరిదాకా వాయించాడు.

సంగీత దర్శకుడు ఆ ముక్క వేయించుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"అద్భుతం! ఇదే ఉంచేద్దాం."

హార్నాయనకి కాళ్ళు నేల మీద ఆనలేదు. "నిజంగా బాగా వచ్చిందాండీ?"

"ఆ ఏడుపు! అంత నిజమైన ఏడుపు నేనింతవరకూ వినలేదు. మీ హార్న్ కొంచెం తగ్గిస్తాను, ఏమీ అనుకోకండి. అడ్డొస్తోంది."

సినిమా బాగా ఆడింది. ఎనిమిదో భాగం రికార్డింగుకి ఇంటికి కబురొచ్చింది, ఆవిడకి.