ఒక్క మాట ప్యాక్

రేవుపేటలో నోటి మాట కూడా రీఛార్జి కిందికి వచ్చిన మూడో ఏడు, ఒక మంగళవారం ఉదయం, చేపల మార్కెట్టులో ఎండు నెత్తళ్ల ధర చెబుతున్న గరికిన నూకరత్నం గొంతు గడువు తీరి మధ్యలో ఆగిపోయింది. కొనడానికి వచ్చినావిడ ఆశ్చర్యపోలేదు. నూకరత్నం మిగతా ధర వేళ్లతో చూపించి, గంపను కూతురు కామేశ్వరికి అప్పగించి, సెల్ దుకాణానికి బయల్దేరింది.

కొనే ముందు సరుకు పరీక్షించుకునే హక్కు వినియోగదారుడికి ఉంది కనుక, దుకాణం గడప లోపల మాట ఉచితం. లోపలికి అడుగు పెట్టగానే ఆమెకు గొంతు వచ్చింది.

"తక్కువలో ఏటుంది బాబూ?"

దుకాణదారు మస్తాన్ వలి మూడు కంపెనీల కాగితాలు పరిచాడు. మొదటి కంపెనీలో అన్ని మాటలూ వస్తాయి. ఆమె వారం సంపాదన దానికే పోతుంది. రెండోది చౌక, కానీ టవరు దూరం. మార్కెట్టులో ఎంత అరిచినా పెదాలే కదులుతాయి. మూడోది అన్నిటికన్నా చౌక. మాటలు అపరిమితం. వద్దు, కాదు, ఎందుకు, ఒప్పుకోను అనే నాలుగు మాటలు, వాటి బదులు వాడే మాటలు మాత్రం రావు.

"మీ మార్కెట్టంతా ఇదే వాడుతోంది పిన్నీ. ఆ నాలుగు మాటలతో నీకు రోజూ పనేముంటుంది?"

"బేరానికొచ్చినోళ్లందరితోనీ ఉంటాది."

"అయితే కష్టమే," అన్నాడు మస్తాన్. వేరే దారి లేక ఆమె మూడోదే తీసుకుంది.

కష్టంగానే గడిచింది. సగం ధరకిస్తావా అని ఎవరైనా అడిగితే ఆమె నోరు తెరిచి మూసేది. ఆ మౌనాన్ని సరే అనుకుని జనం చేపలు పట్టుకుపోయేవారు. రెండో వారానికల్లా గంప వెనక్కి లాక్కోవడం నేర్చుకుంది.

పదిహేనో రోజున మునిసిపాలిటీ వాళ్లు నోటీసు అంటించారు. మార్కెట్టు తీసేసి అక్కడ కార్లు నిలిపే భవనం కడతారు. అమ్మకందార్లకు ఊరి బయట చెత్త డంపు పక్కన చోటిస్తారు. శుక్రవారం అభిప్రాయ సేకరణ. అభ్యంతరాలు నోటిమాటగా మాత్రమే స్వీకరిస్తారు. చెయ్యెత్తడం, తల అడ్డంగా ఊపడం, ఏడవడం పరిగణనలోకి రావు. మార్కెట్టులో అమ్మకందార్లు ఎనభై నలుగురు. అందరిదీ ఒకే ప్లాను.

గురువారం నూకరత్నం కామేశ్వరిని వెంటబెట్టుకుని మళ్లీ దుకాణానికి వెళ్లింది.

"ఒప్పుకోను అనే మాటొక్కటీ అమ్ముతావేటి?"

"ఏడాది ప్యాక్ ఉంది. కానీ అది వేస్తే మిగతా మాటలన్నీ పోతాయి పిన్నీ. కూతుర్ని పేరు పెట్టి కూడా పిలవలేవు."

"నువ్వే ఎందుకమ్మా? ఇంకెవులైనా సూసుకుంటారు," అంది కామేశ్వరి.

"అందరం అలాగే అనుకుంటన్నాం. అందుకే ఎవులో ఒకలు అనాల. నాకు గొంతు పెద్దది."

ఆమె స్టూలు మీద కూర్చుని, ఏడాదికి సరిపడా మాటలు కూతురితో అరగంటలో మాట్లాడింది. "జొరమొస్తే దాచకు. నాను అడగలేను, నువ్వే సెప్పాల," అంది. తర్వాత కారణమేమీ లేకుండా "కామేశ్వరీ, కామేశ్వరీ" అని పిలిచింది. పిలిచిన ప్రతిసారీ కామేశ్వరి పలికింది.

"ఎక్కించు బాబూ," అని నూకరత్నం మస్తాన్ వైపు తిరిగింది.

శుక్రవారం సభలో అధికారి సుదర్శనరావు పథకం చదివి, "అందరికీ సమ్మతమేనా?" అని అడిగాడు. ఎనభై మూడు నోళ్లు తెరుచుకుని మూసుకున్నాయి.

"ఒప్పుకోను," అంది నూకరత్నం.

గుమస్తా కలం ఆపి, ఇంకోసారి అనమన్నాడు. ఆమె ఇంకోసారి అంది.

అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, కొత్త చోట కుళాయి కూడా ఇస్తున్నాం."

"ఒప్పుకోను."

"మంచినీళ్లేనమ్మా."

"ఒప్పుకోను."

ఒక్క అభ్యంతరం వచ్చినా సభ నెల రోజులు వాయిదా వేయాలని పాత నిబంధన ఒకటి ఉంది. దాన్ని ఎవరూ తీసేయలేదు, అవసరం పడలేదు కనుక. సభ వాయిదా పడింది.

మరుసటి నెల సభకు ఆ ప్యాకు వేయించుకున్నవాళ్లు పదకొండు మంది వచ్చారు. ఆపై నెల నలభై మంది. ఆ తర్వాత అందరూ. ఇప్పుడు మార్కెట్టు ఉదయం ఆరింటికి తెరుచుకుంటుంది, బేరాలు వేళ్ల మీద సాగుతాయి. తల్లులు ఆ ఒక్క మాటతోనే పిల్లల్ని బడికి తరుముతారు, అదే మాట మెల్లగా అంటూ జోకొడతారు. పిల్లలు నిద్రపోతున్నారు కూడా.

గత వారం కంపెనీ ప్రతినిధి ఫారం పట్టుకుని వచ్చాడు. "మా సేవతో సంతృప్తిగా ఉన్నారా?" అని అడిగాడు. మార్కెట్టంతా ఒక్కసారిగా జవాబిచ్చింది. అతను తలూపి, సంతృప్తి అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఆ ఫారంలో వేరే గడి లేదు.

నూకరత్నం లేచి, పొలుసులంటిన చేతిని చీరకు తుడుచుకుని, అతని పెన్ను తీసుకుంది. ఫారం మీద ఇంకో గడి గీసి, అందులో టిక్కు పెట్టింది.